రెండు గంటల బొమ్మ

"...తలుపు తీసిందెవరమ్మా అని అడుగుతుంటే తలుపు ఎంత పెద్దదో చెప్తావేటి?"

"తెల్లచీర కట్టుకున్న ఆవిడ అన్నాను కదా మావయ్యగారూ."

"ఇందాక చచ్చిపోయిందీ తెల్లచీరే అన్నావు. చచ్చినావిడే లేచొచ్చి తలుపు తీసిందా?"

"నన్నేం చెయ్యమంటారు? బ్లాక్ అండ్ వైట్ సినిమాలో అందరివీ తెల్లచీరలే. పప్పు ఏరుకుంటూ ఇంతకన్నా చెప్పడం నావల్ల కాదు బాబా."

పెరట్లో బట్టలు ఆరేస్తున్న గున్నమ్మ తడి తువ్వాలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గోడకి అవతలి ఇల్లు గురునాథరావుది. భిలాయి ఉక్కు కర్మాగారంలో రైలు పట్టాలు తయారుచేసే మిల్లులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. గ్లకోమా వచ్చి రెండేళ్లలో రెండు కళ్లూ పోయాయి. కొడుకు అదే మిల్లులో షిఫ్టులకు వెళ్తాడు. కోడలు కుముదిని భిలాయిలోనే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు కన్నా హిందీ సాఫీగా వస్తుంది ఆ పిల్లకి. వాళ్లు సెక్టర్ 7లో కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి కోహ్కా పేటలో ఈ ఇల్లు కొనుక్కుని నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో గున్నమ్మ ఒక్కసారి కూడా ఆ గోడ దగ్గరికి పోలేదు. ఆ పక్క తీగ మీద బట్టలు ఆరేయడం కూడా మానేసింది. ఇవాళ ఎండ అటే ఉందని వెళ్లింది.

కేబుల్ వాడు రోజూ రెండు గంటలకి వేసే పాత హిందీ బొమ్మ అది. అవతల టీవీలోంచి వయొలిన్ల మోత, ఎవరో మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించాయి. తర్వాత నిశ్శబ్దం. "ఇప్పుడేమవుతోంది?" అన్నాడు గురునాథరావు. వంటింట్లో గిన్నెల చప్పుడైంది. కుముదిని అటు వెళ్లిపోయి ఉంటుంది. "ఎవరున్నారు అక్కడ?" అని ముసలాయన మళ్లీ అడిగాడు. ఆ అడగడం కోడలినో, టీవీలో మెట్లెక్కుతున్న మనిషినో తెలియలేదు.

గున్నమ్మ తువ్వాలు దులిపి తీగ మీద వేసింది.

గున్నమ్మ భిలాయి వచ్చింది అరవై ఒకటిలో, పదిహేడేళ్లప్పుడు. పాలకొండ దగ్గర పల్లె నుంచి మొగుడు శంకరరావు వెనకాల ఒక ట్రంకు పెట్టెతో రైలు దిగింది. కుళాయి దగ్గర బీహారు ఆడవాళ్లతో నీళ్ల కోసం దెబ్బలాడి దెబ్బలాడి ఏడాది తిరిగేసరికి హిందీ పట్టేసింది. మిగిలిన తెలుగు ఆడవాళ్లకి అది పట్టుబడలేదు. శనివారం సాయంత్రం సెక్టర్ మైదానంలో తెర కట్టి హిందీ బొమ్మ వేసేవారు. ఆడవాళ్లు చాపలు పట్టుకుని వెళ్లి కూర్చునేవారు గాని, తెర మీద వాళ్లు ఎందుకు ఏడుస్తున్నారో, ఎందుకు కొట్టుకుంటున్నారో ఒక్కరికీ బోధపడేది కాదు. ఒక శనివారం పక్కన కూర్చున్న పైడమ్మ అడిగితే గున్నమ్మ చెప్పడం మొదలుపెట్టింది. తర్వాత నెలలోపు పదిమంది, ఏడాదిలోపు ముప్పైమంది ఆమె చుట్టూ చేరారు.

ఆమె చెప్పే తీరు వేరు. తెర మీద మాటకీ మాటకీ మధ్య ఉన్న సందులో తన మాట పడేసేది. పాట వస్తే నోరు మూసుకునేది, పాటను ఎవరికీ విడమరచక్కర్లేదని. నవ్వులొచ్చే చోట ఒక క్షణం ముందుగా "ఇప్పుడు సూడండి" అనేది. ఖూనీలు, దొంగతనాలు ఉన్న బొమ్మయితే ఎవరి చెయ్యి ఎక్కడుందో, ఎవరి చూపు ఎటుపోయిందో మాత్రం చెప్పి, హంతకుడెవరో తెలిసినా చెప్పేది కాదు. కూతురు పుట్టిన పద్నాలుగో రోజున పురిటి గుడ్డలతోనే బిడ్డనెత్తుకుని మైదానానికి వెళ్లింది. ఆమె రాదేమోనని అప్పటిదాకా సగంమంది ఆడవాళ్లు ఇళ్లలోంచి కదలలేదు.

డెబ్భై ఒకటి చలికాలంలో ఒక శనివారం బొమ్మ సగంలో ఆగింది. మైదానంలో దీపాలు వెలిగాయి. బొమ్మల ఏర్పాట్లు చూసే కమిటీలో గురునాథరావు పెద్ద. ముందు వరసలో కుర్చీలోంచి లేచి, ఎవరా వాగుతున్నదని హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి అడిగాడు. వేళ్లన్నీ గున్నమ్మ వైపు చూపించాయి. అంత బాగా చెప్పేదానివైతే ముందుకొచ్చి అందరికీ చెప్పు, ఆ బొమ్మ ఆపేసి నీ బొమ్మే చూస్తాం అన్నాడు. ఆమె కదలలేదు. రెండోసారి గట్టిగా అన్నాడు. లేచి వెళ్లి తెర ముందు నిలబడింది. వేళాకోళానికి బొమ్మ వేసే మిషను వాడు రీలు లేకుండా ఉత్త దీపం వేశాడు. వెనక తెర మీద ఆమె నీడ తాటిచెట్టంత లేచింది. మైదానమంతా ఈలలు. గున్నమ్మ నోట్లో తడి ఆరిపోయింది. ఒక్క ముక్క పైకి రాలేదు. అయిదు నిమిషాలు ఆమెను అలా నిలబెట్టి, ఇక కూర్చోమన్నాడు. ఇంకోసారి నోరు లేస్తే మైదానం బయటే అన్నాడు.

మగవాళ్ల వైపు శంకరరావు కూర్చుని ఉన్నాడు. గురునాథరావు కింద పనిచేసే మనిషి. అందరితో పాటు అతనూ నవ్వాడు. ఆ వెలుగులో గున్నమ్మకి ఆ నవ్వు స్పష్టంగా కనిపించింది.

మర్నాటి నుంచి కుళాయి దగ్గర పిల్లలు "బొమ్మ గున్నమ్మ" అని పిలవడం మొదలెట్టారు. ఆమె మళ్లీ మైదానానికి పోలేదు. టాకీసుకీ పోలేదు. ఇంటికి టీవీ వచ్చినా వార్తలు తప్ప చూడలేదు, కేబుల్ పెట్టించనివ్వలేదు. ఇరవై మూడేళ్లు శంకరరావు ఒక్కడే సినిమాలకి వెళ్లొచ్చాడు. ఎందుకు రావని ఎప్పుడూ అడగలేదు.

తువ్వాలు ఆరేసిన మర్నాడు, రెండు కావడానికి పావుగంట ముందు గున్నమ్మ ఉతికిన చీర కట్టుకుంది. ఎక్కడికని శంకరరావు అడిగితే బొమ్మకి అంది. వీధి చుట్టూ తిరిగి గురునాథరావు ఇంటి ముందు గుమ్మంలోకి వెళ్లింది.

మీ మావయ్యకి బొమ్మ నేను చెప్తాను, నువ్వు పనిచూసుకోమ్మా అంటే కుముదిని ముఖం విప్పారింది. "సచ్ మే, అత్తా? నిజంగానా?" అని, గబగబా కుర్చీ జరిపి, లోపలికెళ్లి పడుకుంది.

"ఎవరమ్మా?" అన్నాడు గురునాథరావు.

"శంకర్రావు పెళ్లాన్ని బాబూ. గున్నమ్మని."

"మన మిల్లు శంకరమా? మంచివాడు." కళ్లు ఆమె భుజం పక్కనుంచి ఎటో చూస్తున్నాయి. "నీకు సినిమాలంటే గిట్టదనుకున్నానే. శంకరం ఎప్పుడూ ఒక్కడే వచ్చేవాడు."

గున్నమ్మ ఆ ముఖాన్ని పరీక్షగా చూసింది. తప్పించుకునే నవ్వు గాని, తడబాటు గాని ఏదైనా కనిపిస్తుందేమోనని చాలాసేపు చూసింది. ఏమీ లేదు. నిజంగానే మర్చిపోయాడు. ఇరవై మూడేళ్లుగా ఈ మనిషికి చెప్పడానికి ఆమె దగ్గర ఎన్నో జవాబులు పోగుపడి ఉన్నాయి. అతను సిగ్గుపడినా, చివరికి నవ్వినా, వాటిలో ఒకటి మొహాన కొట్టి ఇంటికి వెళ్లిపోయేదేమో. గుర్తే లేనివాడికి జవాబు ఏమని చెప్పాలి. ఆమె కుర్చీ దగ్గరకి లాక్కుని కూర్చుంది.

మొదటి నెల ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. మొదటి రెండు రోజులూ మాట సందులో పడలేదు గాని మూడోరోజుకి పాత తోవ దొరికింది. గుడ్డివాడికి మాటలు వినిపిస్తాయి, వాటి అర్థమూ తెలుసు. అతనికి కావలసింది మాటల్లేని చోట్లు. హీరో సిగరెట్టు వెలిగించి అగ్గిపుల్ల ఎటు విసిరాడో, పోలీసు వచ్చినప్పుడు ఆ పిల్ల చెయ్యి దిండు కిందికి ఎలా జారిందో, హాస్యగాడు ఎవరి తలపాగా మీద కూర్చున్నాడో చెప్పాలి. గున్నమ్మ చెప్తూంటే ముసలాయన కుర్చీ అంచుకి జరిగేవాడు. నవ్వాల్సిన చోట పగలబడి నవ్వేవాడు. ఆదివారం కేబుల్ వాడు బొమ్మ వేయకపోతే దిగాలుగా ఉంటున్నాడని, నీ అడుగుల చప్పుడు కోసం ఒంటిగంట నుంచే చెవొగ్గి కూర్చుంటున్నాడని కుముదిని చెప్పింది. అది విని గున్నమ్మకి సంతోషం కలిగింది. ఆ సంతోషం మీద ఆమెకి కోపమూ వచ్చింది.

అతని జబ్బు ఇంకొకటి ఆమె కనిపెట్టింది. పేర్లు పడుతుండగానే "ఇది యాభై ఏడులో విశాఖపట్నంలో చూశాను" అంటాడు. ఏ బొమ్మకైనా అంతే. తాను చూడని పాత సినిమా ఒకటుందంటే ఒప్పుకోడు. ఒకరోజు గున్నమ్మ, హీరో స్నేహితుడు కుంటివాడని చెప్పింది. తెర మీద వాడు మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతున్నాడు.

"అవునవును, కుంటివాడే," అన్నాడు గురునాథరావు. "ఆ నడక ఎంత బాగా చేశాడని."

ఆరోజు గున్నమ్మ ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తింది.

తెలుగు రిటైర్డు ఉద్యోగుల సంఘం నెలకొక ఆదివారం పొద్దున కోహ్కాలో ఒక బడి గదిలో కూడుతుంది. ఎవరో ఒకరు దేని గురించో మాట్లాడతారు, తర్వాత టీ తాగుతారు. కోహ్కాలో సగం ఇళ్లు రెండు గంటల బొమ్మకి అలవాటుపడ్డాయి కాబట్టి ఈసారి పాత హిందీ సినిమాల మీద గురునాథరావు మాట్లాడాలని అనుకున్నారు. అంతకు ముందు బుధవారం వచ్చిన బొమ్మనే తీసుకుంటానని ఆయన గున్నమ్మతో చెప్పాడు.

అది ఇద్దరు అక్కచెల్లెళ్ల కథ. ఇద్దరూ ఒకే పోలిక. అక్క క్లబ్బులో ఆడుతుంది, చెల్లెలు పిల్లలకి చదువు చెప్తుంది. ఆడేదాని గడ్డం మీద పుట్టుమచ్చ. చివరి ఎనిమిది నిమిషాలు ఒక్క మాట లేదు. మంచుపట్టిన రైల్వే ప్లాట్‌ఫారం, ఇద్దరూ ఒకేలాంటి కోట్లలో, ఇద్దరి తలలకీ శాలువాలు. తుపాకీ పేలుతుంది. ఒకతె పడిపోతుంది. శాలువా జారుతుంది, గడ్డం మీద మచ్చ కనిపిస్తుంది. రెండో ఆమె తనని ప్రేమించిన ఇన్‌స్పెక్టర్ చేయి పట్టుకుని మంచులోకి నడిచి వెళ్లిపోతుంది.

"ఎవరు పడిపోయారు?" అన్నాడు గురునాథరావు. అతని చెయ్యి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని ఉంది.

"శాలవా జారింది బాబూ." గున్నమ్మ గొంతు తగ్గించింది. "గెడ్డం మీద మచ్చ లేదు. టీచరమ్మ పడిపోయింది. ఆడేదే మిగిలింది. ఏడవడం నేదు. సెల్లిలి కళ్లద్దాలు తీసి తను పెట్టుకుని ఇనస్పెట్రు కాడికి నడుస్తోంది. ఇక టీచరమ్మలాగే బతుకుతాది కావాల."

కళ్లద్దాలు ఆ బొమ్మలో ఎక్కడా లేవు. అవి ఎలా వచ్చాయో గున్నమ్మకే తెలీదు. చెప్తుంటే ఆ మంచులో ఆ అద్దాలు ఆమెకి కనిపించాయి కూడా. గురునాథరావు చూపులేని కళ్లలోంచి నీళ్లు కారాయి.

"నాకు జ్ఞాపకమే," అన్నాడు. "అప్పుడూ ఏడ్చాను."

శనివారం అన్నం తింటున్నప్పుడు గున్నమ్మ మొగుడికి చెప్పేసింది. శంకరరావు కంచంలో చెయ్యి అలాగే ఉంచి విన్నాడు. రేపు అందరి ముందూ ఆయన పరువు పోతుందన్నాడు. పోవాలనే అంది. ఎప్పటి మాటో అది, ఇప్పుడు గుడ్డివాడు, పాపం అన్నాడు. ఇవాళే వెళ్లి నిజం చెప్పేయమని బతిమాలాడు. నువ్వు వెళ్లకపోతే నేను వెళ్తానన్నాడు.

"ఎల్లు," అంది గున్నమ్మ. "ఆరోజు నువ్వెందుకు నవ్వినావో అది కూడా సెప్పేసి రా."

శంకరరావు లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఎక్కడికీ వెళ్లలేదు.

ఆదివారం గదిలో నలభైమంది దాకా ఉన్నారు. ఆడవాళ్లు గోడవారన బెంచీల మీద కూర్చున్నారు. కుముదిని మావగారిని చెయ్యి పట్టి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. గురునాథరావు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మాట్లాడటం మొదలుపెడితే గది నిశ్శబ్దమైంది. అతనికి ఆ కళ ఉంది. చివరి ఎనిమిది నిమిషాల దాకా వచ్చి, ఆ రోజుల్లో ఏ దర్శకుడూ చేయని ధైర్యం ఇక్కడుందన్నాడు. మంచిదాన్ని చంపి, లోకం చెడ్డదనేదాన్ని బతికించాడన్నాడు. చెల్లెలి కళ్లద్దాలు తీసి పెట్టుకుని ఆ ఆడమనిషి నడిచిన నడక మళ్లీ ఏ సినిమాలోనూ చూడలేదన్నాడు.

మొదట వెనక వరసలో ఎవరో దగ్గారు. తర్వాత గుసగుసలు. గట్టిగా మాట్లాడింది చినబాబు. మిల్లులో క్రేను నడిపి రిటైరయినవాడు, నోటి దురుసుతనానికి పేరు.

"సారూ, మొన్న బుధవారం నేనూ సూసినాను, మా ఆవిడా సూసింది, మా పక్కింటి బెంగాలీవోళ్లూ సూసినారు. పోయింది డేన్సరండి. టీచరమ్మ బంగారంలాగుంది."

"నువ్వు సరిగ్గా చూడలేదు చినబాబూ."

"నేను సూడలేదు, మీరు సూసినారేటండి?"

గదంతా నవ్వింది. గుడ్డివాడి మీద నవ్వకూడదని తెలిసినవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. గురునాథరావు గొంతు పెంచాడు. యాభై ఏడులో ఈ కళ్లతో చూశానన్నాడు. కళ్లద్దాల మాట చెప్పండి అని ఎవరో అడిగారు. అద్దాలేటి, ఆ పిల్ల అద్దాలు ఎప్పుడు పెట్టుకుందని ఇంకొకరన్నారు. ముసలాయనకి కళ్లతోపాటు బుర్ర కూడా పోతోందని బెంచీ మీది ఆడవాళ్లలో ఎవరో నెమ్మదిగానే అన్నారు. అతనికి వినిపించింది. ముఖం నల్లబడింది.

"గున్నమ్మా," అన్నాడు. "ఇక్కడున్నావా?"

ఉన్నానని ఆమె అంది.

"వీళ్లకి చెప్పు. బుధవారం నువ్వూ చూశావు కదా. ఎవరు పోయారు?"

నలభై తలలు ఆమె వైపు తిరిగాయి. గున్నమ్మ లేచి నిలబడింది. నోరు ఆరిపోలేదు. చివరి బెంచీదాకా వినిపించేలా, ఒక్కొక్క మాటే తూచి చెప్పింది.

"డేన్సరే పోయింది బాబూ. గెడ్డం మీద పుట్టుమచ్చ నాకు బాగా కనిపించింది. అద్దాలెవరూ పెట్టుకోనేదు."

గురునాథరావు నోరు తెరిచాడు. నువ్వే కదా చెప్పావని అనవచ్చు. అలా అంటే, యాభై ఏడులో చూశానన్నది అబద్ధమవుతుంది. ఇన్నాళ్లూ చూశానన్నవన్నీ అబద్ధమవుతాయి. నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. చినబాబు కూడా నవ్వు ఆపేశాడు. ఎవరో టీ తెమ్మన్నారు. కుముదిని వచ్చి మావగారి మోచెయ్యి పట్టుకునేదాకా ఆయన అలాగే కూర్చుని ఉన్నాడు.

గున్నమ్మ మాత్రం టీ తాగింది. పంచదార తక్కువైందని ఇంకో చెంచా వేయించుకుని మరీ తాగింది.

సోమవారం పొద్దున శంకరరావు చొక్కా తొడుక్కుని చెప్పకుండా ఎక్కడికో వెళ్లాడు. గంట తర్వాత వచ్చినవాడు ఒంటరిగా రాలేదు. వెనకాల కుముదిని, ఆమె భుజం పట్టుకుని గురునాథరావు. గున్నమ్మ వసారాలో చింతపండు పిక్కలు తీస్తోంది. లేవలేదు. శంకరరావు పెద్దాయనని బల్ల మీద కూర్చోబెట్టి, తాను గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఆ మైదానం సంగతి, తాను నవ్విన సంగతి కూడా అన్నీ చెప్పేశానని, ఆమెకేసి చూడకుండా అన్నాడు.

"నాకు నిజంగా గుర్తులేదు గున్నమ్మా," అన్నాడు గురునాథరావు. "చేసే ఉంటాను. అలాంటివి చేసేవాణ్నే అప్పట్లో. గుర్తొస్తే మన్నించమని అడగొచ్చు. గుర్తు లేనిదానికి అడిగితే అది నోటిమాటే అవుతుంది."

గున్నమ్మ ఒక పిక్క తీసి పక్కన పెట్టింది.

"నిన్న జరిగిందానికి రాలేదు," అన్నాడు. "చినబాబు నవ్వితే నవ్వాడు. వచ్చిన పని వేరు. ఇప్పటికి నలభై బొమ్మల దాకా చెప్పావు. నిన్నటి నుంచీ ఒక్కోటే ముందేసుకుని చూసుకుంటున్నాను. ఆ కుంటివాడు కుంటివాడేనా? బావి దగ్గర ఆ పిల్ల తిరిగి చూసిందన్నావు, చూసిందా? ఖూనీ చేసినవాడి చెయ్యి వణికిందన్నావు. ఇప్పుడు ఒక్కటీ నిలబడటం లేదు. నాకున్నవి అవే." బల్ల అంచు తడిమి ఆమె వైపు వంగాడు. "ఎన్ని అబద్ధాలు చెప్పావో చెప్పు. ఏవో కూడా చెప్పు. ఇంకేం అడగను."

చెప్పిన అబద్ధాలు రెండే. కుంటివాడు ఒకటి, కళ్లద్దాలతో సహా అక్కచెల్లెళ్ల బొమ్మ ముగింపు ఒకటి. బావి దగ్గర ఆ పిల్ల తిరిగి చూసిన మాట నిజం. ఖూనీకోరు చెయ్యి వణికిన మాటా నిజం, ఇంకెవరూ గమనించకపోయినా గున్నమ్మ గమనించి చెప్పింది.

శంకరరావు గుమ్మం దగ్గరనుంచి, చెప్పేయవే అన్నట్టు చూశాడు. కుముదిని కూడా, "ప్లీజ్ అత్తా," అంది.

గున్నమ్మ చింతపండు పళ్లెం పక్కకి జరిపి, చెంగుతో చేతులు తుడుచుకుంది.

"రేపు రెండు గంటలకి వొత్తాను బాబూ. రోజూ వొత్తాను, బొమ్మ సెప్తాను. ఏది నిజిమో, ఏది అబద్దమో మాత్రం సెప్పను."